గోతిలో దెబ్బతిన్న బండికి దిక్కెవరు?
రోడ్డు ఎందుకు గుంత పడుతుంది.. బీమా ఎంత ఇస్తుంది.. చట్టం ఏమంటోంది

మండపేట: వాన వెలిసిన సాయంత్రం రోడ్డుపై నిలిచిన నీరు చూపరులకు జానెడు మడుగులాగే కనిపిస్తుంది. దాని అడుగున ఉన్నది రెండంగుళాల గుంతో, మోకాలి లోతు గొయ్యో చక్రం దిగాకే తెలుస్తుంది. కారైతే రిమ్ము వంగుతుంది. గుడ్ల ట్రేలతో వెళుతున్న వ్యానైతే అడుగు వరస చితికిపోతుంది. మోటారు సైకిలైతే, వెనుక ఒకవైపుగా కూర్చున్న ఇల్లాలు రోడ్డున పడుతుంది. ఇందులో మొదటి రెండు నష్టాలకూ డబ్బుతో మరమ్మతు ఉంది. మూడోదానికి లేదు.

దేశంలో ఈ గుంతలు తీసిన ప్రాణాల లెక్క చిన్నదేమీ కాదు. 2017లో ఒక్క ఏడాదిలోనే 3,597 మంది గుంతల కారణంగా జరిగిన ప్రమాదాల్లో చనిపోయినట్లు ప్రభుత్వ లెక్కలు తెలిపాయి. 2013 నుంచి 2017 వరకు ఐదేళ్లలో ఈ సంఖ్య 14,926. ఈ అంకెలు 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, సరిహద్దుల్లోనో ఉగ్రవాదుల చేతిలోనో చనిపోయేవారికంటే ఇవే ఎక్కువగా ఉన్నాయని న్యాయస్థానం ఆవేదన వ్యక్తం చేసింది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022 నివేదికలో గుంతల మరణాలు 1,856గా నమోదయ్యాయి. కొన్ని మరణాలు ‘అతివేగం’ ఖాతాలోనో, ‘అదుపుతప్పి’ అనే ఒక్క మాటలోనో కలిసిపోతాయి. బండి ఎందుకు అదుపుతప్పిందన్న ప్రశ్న ప్రథమ సమాచార నివేదికలో తరచుగా కనిపించదు.

డెల్టా నేలలో రోడ్డు

గుంత పైన పుట్టదు, అడుగున పుడుతుంది. తారు పొరలో ముందుగా వెంట్రుక వాసి పగుళ్లు పడతాయి. వాటి గుండా నీరు కిందికి దిగి కంకర పొరను, దాని కింది మట్టిని నానబెడుతుంది. నానిన చోట బరువైన చక్రం దిగినప్పుడల్లా లోపలి నీరు ఒత్తిడికి పైకి చిమ్ముతుంది. అలా చిమ్మేటప్పుడు సన్నని మట్టిని వెంట తీసుకొస్తుంది. వాన తరువాత పగుళ్ల పక్కన కనిపించే బురద చారలు ఇవే. కొద్దిరోజులకు తారు పొర కింద డొల్ల ఏర్పడి, ఓ రోజు పైపొర కూలుతుంది. అంతవరకూ నున్నగా ఉన్న రోడ్డు రాత్రికి రాత్రే గొయ్యి పడిందని జనం అనుకుంటారు గానీ, ఆ గొయ్యి తయారై అప్పటికి చాలా రోజులవుతుంది.

గోదావరి డెల్టాలో ఈ ప్రక్రియ మరింత వేగంగా సాగడానికి నేల తీరే కారణం. 1847-52 మధ్య సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించిన తరువాత తూర్పు డెల్టా అంతటా కాలువలు విస్తరించాయి. కాలువ గట్లే కాలక్రమంలో బండి దారులయ్యాయి, బండి దారులే తారు రోడ్లయ్యాయి. ఇక్కడ చాలా రోడ్లకు ఒకవైపు కాలువ, మరోవైపు వరిచేను ఉంటాయి. సార్వా, దాళ్వా రెండు పంటలకూ చేలల్లో నీరు నిలిచే ఉంటుంది గనుక రోడ్డు కింది మట్టికి ఆరే వీలుండదు. వాన పైనుంచి తడిపితే చేను పక్కనుంచి తడుపుతుంది.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఇందుకు విరుద్ధమైన బాధ మొదలవుతుంది. తడిసినప్పుడు ఉబ్బే బంకమట్టి ఎండినప్పుడు కుంచించుకుపోతుంది. రోడ్డు అంచు వెంట పొడవునా నెర్రెలు పడేది అప్పుడే. గట్టు కాలువలోకి కాస్త జారినా తారు పొర నిలువునా చీలుతుంది. తొలకరి జల్లు పడే నాటికి నీరు దిగడానికి దారులు సిద్ధంగా ఉంటాయి. అందుచేత ఈ ప్రాంతంలో రోడ్డు మరమ్మతు వానలకు ముందే, మే నెలలో పగుళ్లు పూడ్చడంతో మొదలుకావాలి. సాధారణంగా జరిగేది వానల తరువాత గుంతలు పూడ్చడం. మొదటిదానికి అయ్యే ఖర్చు రెండోదానిలో కొద్ది భాగమే.

బరువు మాటకొస్తే మండపేట చుట్టుపక్కల రోడ్లకు విరామమన్నది తక్కువ. ధాన్యం లారీలు, రైసు మిల్లుల నుంచి బియ్యం, కోళ్ల ఫారాలకు మేత, అక్కడి నుంచి గుడ్లు, గోదావరి రేవుల నుంచి ఇసుక, బట్టీల నుంచి ఇటుక.. అన్నీ ఈ దారుల మీదుగానే సాగాలి. ద్వారపూడి నుంచి తాపేశ్వరం మీదుగా వచ్చే రోడ్డయినా, రామచంద్రపురం రోడ్డయినా, ఆలమూరు మీదుగా జొన్నాడ వద్ద జాతీయ రహదారికి చేరే రోడ్డయినా పల్లెలను కలుపుతూ, సరకునూ మోస్తాయి. కాజా కోసం తాపేశ్వరంలో ఆగే కారుకూ, ఇరవై టన్నుల ఇసుక లారీకీ దారి ఒకటే.

కారు వల్ల రోడ్డు అరగదనే చెప్పవచ్చు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958-60 మధ్య జరిపిన పెద్ద రోడ్డు పరీక్షలో తేలిన సూత్రాన్ని ఇంజినీర్లు నేటికీ ఉదహరిస్తారు. ఇరుసుపై పడే బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం సుమారుగా దాని నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది. అంటే బరువు 20 శాతం పెరిగితే నష్టం రెట్టింపు దాటుతుంది. బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. మన దేశంలో నాలుగు టైర్ల ఒంటి ఇరుసుపై అనుమతించే బరువును 2018 జులైలో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పాత పరిమితికి తగ్గట్టు వేసిన రోడ్డు కొత్త పరిమితి లారీని మోస్తే, చట్టబద్ధమైన బరువుతోనే నష్టం ఒకటిన్నర రెట్లు దాటుతుందన్న మాట. ఇక పరిమితికి మించి ఎక్కించినవాటి సంగతి చెప్పనక్కరలేదు. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను కింద అధిక లోడుకు రూ.20 వేలు, ఆపై అదనపు టన్నుకు రూ.2 వేల చొప్పున జరిమానా ఉంది. దించాల్సిన సరకును అక్కడే దించి, ఆ తరువాతే బండిని కదలనివ్వాలని కూడా చట్టం చెబుతోంది. జరిమానా రాసి లోడుతోనే పంపించేస్తే ఖజానాకు సొమ్ము వస్తుంది గానీ రోడ్డుకు ఒరిగేదేమీ లేదు.

లారీలనే నిందించి ఊరుకోవడమూ న్యాయం కాదు. దమ్ము సమయంలో ఇనుప చక్రాలు విప్పకుండానే ట్రాక్టర్లు ఒక చేను నుంచి మరో చేనుకు తారు రోడ్డెక్కి వెళతాయి. ఆ పళ్లు తారును గీరి, నీరు దిగడానికి వరుసగా రంధ్రాలు చేస్తాయి. చక్రాలు విప్పి బిగించడానికి పట్టే కొద్దిపాటి సమయం ఆదా చేసుకున్నందుకు ఊరంతా ఏడాది పొడవునా మూల్యం చెల్లిస్తుంది. మంచినీటి గొట్టం కోసమో, కేబుల్ కోసమో రోడ్డు కోసి మట్టితో పూడ్చి వదిలేసిన చోట్లూ ఇంతే. కోసిన చోట అడుగు నుంచి పొరలవారీగా గట్టిపరచకపోతే మొదటి వానకే అడ్డంగా కాలువ పడుతుంది.

పూడ్చినా నిలవదేం?

గుంతలో గ్రావెల్, ఇటుక ముక్కలు, ఇళ్లు పడగొట్టిన రద్దు పోసి చదును చేయడం తరచుగా కనిపించే వైద్యం. అది నీటిని పీల్చుకుంటుంది. రెండు రోజుల్లో బురదై, నాలుగో రోజుకు పక్కలకు చెదిరి, మోటారు సైకిళ్లు జారడానికి కొత్త కారణమవుతుంది. నడిపేవారికి గుంతకంటే చెదిరిన కంకరే ఎక్కువ ప్రమాదమన్న సంగతి పూడ్చేవారు గుర్తించరు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తారు రోడ్ల నిర్వహణకు ‘ఐఆర్‌సీ 82’ పేరిట నియమావళిని, సిద్ధంగా సంచుల్లో దొరికే ప్యాచ్ మిశ్రమానికి ‘ఐఆర్‌సీ 116’ పేరిట ప్రమాణాలను రూపొందించింది. వాటి సారం పెద్ద రహస్యమేమీ కాదు. గుంత చుట్టూ బలహీనపడిన తారును గట్టి రోడ్డు తగిలేదాకా చతురస్రంగా, అంచులు నిలువుగా ఉండేలా కోయాలి. నీరు, బురద, దుమ్ము పూర్తిగా తీసివేయాలి. అడుగుకూ పక్కలకూ పలుచగా తారు ఎమల్షన్ పూయాలి. లోతుగా ఉంటే ఒకేసారి నింపకుండా పొరలుగా వేసి ప్రతి పొరనూ దిమ్మిస చేయాలి. వేడి మిశ్రమమైతే చల్లారకముందే రోలరు నడవాలి. చివరి పొర రోడ్డు మట్టంకంటే కొద్దిగా ఎత్తుగా ఉండాలి, రాకపోకలకు అది అణిగి సమమవుతుంది. అంచుల వెంట సీలు వేయాలి. గుండ్రని గుంతలో పారతో తారు కంకర వేసి పార వెనుక భాగంతో కొట్టి వెళ్లిపోతే అది పూడిక కాదు. ఆ పని ఎలా జరుగుతోందో పక్కన నిలబడి చూసే హక్కు వీధివారికి ఉంది. ఫొటో తీసుకునే హక్కూ ఉంది.

వాన కురుస్తుండగా వేడి మిశ్రమం పనికిరాదు. తడిసిన రాయికి తారు అంటదు. ఆ రోజుల్లో వాడటానికే చల్లని మిశ్రమం ఉంది. ధర ఎక్కువన్న సాకు వినిపిస్తుంది గానీ, మూడుసార్లు పూడ్చే గ్రావెల్ ఖర్చూ కూలీ ఖర్చూ కలిపితే ఆ తేడా మిగలదు.

ఒక్క మనిషి ఏం చేయగలడన్న ప్రశ్నకు గోదావరి జిల్లాలకు చెందిన వ్యక్తే ఒక సమాధానమయ్యారు. పశ్చిమ గోదావరికి చెందిన కాట్నం గంగాధర తిలక్ రైల్వేలో ఉద్యోగ విరమణ చేసి 2008లో హైదరాబాద్ చేరారు. 2010 నుంచి తన కారులో కంకర, తారు ముక్కలు వేసుకుని వెళ్లి సొంత పింఛను డబ్బుతో గుంతలు పూడ్చడం మొదలుపెట్టారు. భార్య వెంకటేశ్వరి ఆయనకు తోడయ్యారు. వేలాది గుంతలు పూడ్చిన ఆ దంపతులకు దేశమంతటా పేరొచ్చింది. ఆయన శ్రమ గొప్పది. అయితే పన్ను కట్టిన పౌరుడు పింఛనుతో రోడ్డు బాగుచేసుకోవడం వ్యవస్థకు గర్వకారణం కాదు.

రాష్ట్రంలో 2020 సెప్టెంబరు నుంచి పెట్రోలు, డీజిల్‌పై లీటరుకు రూపాయి చొప్పున రోడ్డు అభివృద్ధి సెస్సు విధించారు. 2021లో గుంతల రోడ్లు రాజకీయ ఆందోళనగా మారాయి. ఆ ఏడాది గాంధీ జయంతి నాడు రాజమహేంద్రవరం శివారు హుకుంపేట వద్ద జనసేన అధినేత పవన్ కల్యాణ్ శ్రమదానం చేశారు. 2024 నవంబరు 2న ముఖ్యమంత్రి చంద్రబాబు అనకాపల్లి జిల్లాలో గుంతల రహిత రోడ్ల కార్యక్రమాన్ని రూ.860 కోట్లతో ప్రారంభించి సంక్రాంతి నాటికి పూర్తిచేయాలని గడువు పెట్టారు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటినప్పుడు కోనసీమ, గోదావరి ప్రాంతాల రోడ్లు మళ్లీ నీట నానాయి. ప్రభుత్వాలు మారినా బంకమట్టి మారదు. ఏడాదికోసారి నిధులు కుమ్మరించే పద్ధతికి బదులు నిత్య నిర్వహణ లేనంతకాలం ఈ లెక్క మొదటికే వస్తుంది.

బండికి తగిలే దెబ్బ

గుంతలో దిగిన చక్రానికి అసలు దెబ్బ దిగేటప్పుడు కాదు, ఎక్కేటప్పుడు ఎదురు అంచుకు కొట్టుకున్నప్పుడు తగులుతుంది. ఆ క్షణంలో బ్రేకు నొక్కి ఉంటే బండి బరువు ముందు చక్రాలపైకి ఒరిగి, స్ప్రింగు అప్పటికే అణిగి ఉంటుంది. దెబ్బను తట్టుకునే జాగా మిగలదు. అందుకే మెకానిక్కులు చెప్పే మొదటి మాట: గుంతకు ముందే వేగం తగ్గించాలి, గుంతలో దిగే వేళకు బ్రేకు వదిలేయాలి. స్టీరింగును హఠాత్తుగా కుడికి తిప్పడం అన్నిటికంటే ప్రమాదకరం. ఎదురుగా వచ్చే లారీకంటే గుంత నయం. ముందు వెళ్లే బండికి మరీ దగ్గరగా వెళితే దాని కింద నుంచి గుంత అకస్మాత్తుగా బయటపడుతుంది.

టైరులో గాలి తక్కువగా ఉంటే గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య టైరు పక్క గోడ నలిగి లోపలి నూలు తెగుతుంది. మరునాడు టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు కనిపిస్తుంది. ఆ టైరుకు ప్యాచ్ వేసి నడపరాదు. ఎప్పుడైనా పేలవచ్చు. గాలి ఎక్కువైతే దెబ్బంతా రిమ్ముకూ సస్పెన్షనుకూ చేరుతుంది. కంపెనీ చెప్పిన గాలి కొలత తలుపు అంచున ఉన్న చీటీపైనే రాసి ఉంటుంది. వారానికోసారి చల్లని టైరులో చూసుకోవడం ఖర్చులేని పని.

కారు తిన్నని రోడ్డుపై ఒకవైపు లాగుతుంటే అలైన్‌మెంటు తప్పిందని, స్టీరింగు ఒక వేగం వద్ద వణుకుతుంటే రిమ్ము వంగిందనో బ్యాలెన్సు పోయిందనో, చిన్న గతుకుకే టకటక శబ్దం వస్తుంటే లోయరు ఆర్ము బుష్షులో బాల్ జాయింటో దెబ్బతిన్నదని అర్థం. మోటారు సైకిల్‌కు ముందు ఫోర్కు వంగడం, హ్యాండిల్ బేరింగు గుంతలు పడటం, వెనుక చక్రం స్పోకులు తెగడం మామూలు. ఆటోలకు ముందు షాకబ్సార్బరు, లారీలకు కమాన్ కట్టల ఆకులు విరగడం నిత్యం చూసేవే. వీటన్నిటిలో వెంటనే గమనించాల్సింది ఇంజిన్ కింది ఆయిల్ చాంబరు. గుంత అంచు తగిలిన తరువాత బండి కింద నూనె చారిక కనిపించినా, డ్యాష్‌బోర్డుపై ఎర్రని ఆయిల్ దీపం వెలిగినా అక్కడికక్కడే ఇంజిన్ ఆపాలి. ‘ఊరు రెండు కిలోమీటర్లే కదా’ అని నడిపితే ఏమవుతుందో బీమా దగ్గర తెలుస్తుంది.

బీమా ఇచ్చేదెంత?

అందరూ కట్టే థర్డ్ పార్టీ బీమా గుంతలో పాడైన సొంత బండికి పైసా ఇవ్వదు. అది ఎదుటివారికి జరిగిన నష్టానికి మాత్రమే. సొంత బండి నష్టానికి రక్షణ ఉన్న ప్యాకేజీ పాలసీ, వాడుకలో కాంప్రహెన్సివ్ అనేది, ఉండాలి. బయటి దెబ్బ వల్ల కలిగిన నష్టం కాబట్టి గుంత నష్టం అందులోకి వస్తుంది. అరుగుదల, కాలక్రమంలో వదులైన భాగాలు రావు. నెలల తరబడి గతుకుల్లో తిరిగి పోయిన బుష్షులకు క్లెయిమ్ వేస్తే తిరస్కరిస్తారు. ఫలానా రోజు ఫలానా చోట జరిగిన ఒక్క దెబ్బ అని చూపగలగాలి.

టైర్ల విషయంలో పాలసీ నిబంధన చాలామందికి తెలియదు. టైరు ఒక్కటే పగిలితే ఏమీ రాదు. అదే ప్రమాదంలో బండికి కూడా నష్టం జరిగితేనే, అదీ కొత్త టైరు ధరలో 50 శాతానికి మించకుండా చెల్లిస్తారు. రబ్బరు, నైలాను, ప్లాస్టిక్ భాగాలకూ సగం కోత ఉంటుంది. తరుగుదల లేని అదనపు కవరు తీసుకుంటే ఈ కోత తప్పుతుంది. ఆయిల్ చాంబరు పగిలిన తరువాత కూడా బండి నడిపి ఇంజిన్ పట్టేస్తే, చాంబరు ఖర్చు ఇచ్చి ఇంజిన్ ఖర్చు నిరాకరిస్తారు. అది ప్రమాదం వల్ల కాదు, ప్రమాదం తరువాత నడపడం వల్ల కలిగిన నష్టమన్నది కంపెనీల వాదన. పాలసీ నిబంధనలు వారి పక్షానే ఉన్నాయి.

చిన్న నష్టానికి క్లెయిమ్ వేయడం లాభమో నష్టమో ముందుగా లెక్క చూసుకోవాలి. ఉదాహరణకు ఒక కారు సొంత నష్టం ప్రీమియం రాయితీ లేకుండా రూ.10 వేలనుకుందాం. మూడేళ్లు క్లెయిమ్ లేకపోతే 35 శాతం రాయితీ వస్తుంది, నాలుగో ఏడాదీ క్లెయిమ్ లేకుండా గడిస్తే అది 45 శాతం అవుతుంది. ఈలోగా రూ.4 వేల మరమ్మతుకు క్లెయిమ్ వేస్తే, 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత రూ.1,000 పోను, తరుగుదల తీసివేస్తే చేతికి వచ్చేది రెండు వేల పైచిలుకు. మరుసటి ఏడాది రాయితీ సున్నాకు పడి రూ.4,500 అదనంగా కట్టాలి. అలాంటప్పుడు జేబులోంచి ఖర్చు పెట్టుకోవడమే మేలు.

క్లెయిమ్ వేయదలిస్తే బండిని కదపకముందే గుంత, బండి, చుట్టుపక్కల గుర్తులు ఒకే చట్రంలో పడేలా ఫొటోలు తీయాలి. కిలోమీటరు రాయో, కల్వర్టు నంబరో, దుకాణం బోర్డో కనిపిస్తే మంచిది. ఆలస్యం లేకుండా కంపెనీకి తెలియజేయాలి. సర్వేయరు చూడకముందు భాగాలు విప్పించరాదు. మార్చిన పాత భాగాలను పారేయరాదు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, అక్కడా న్యాయం జరగకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. అక్కడ రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్ మరో దారి. చెల్లించిన మొత్తం విలువ రూ.5 లక్షల లోపుంటే అక్కడా ఫిర్యాదు రుసుము ఉండదు.

మనిషి పడిపోతే..

బండి సంగతి అలా ఉంచి మనిషికి దెబ్బ తగిలినప్పుడు కుటుంబాలు పోగొట్టుకుంటున్నది తెలియక పోగొట్టుకుంటున్నదే ఎక్కువ. యజమానే నడుపుతూ గుంతలో పడి చనిపోతే ఎదుటి వాహనం లేదు కాబట్టి పరిహారం లేదనుకుంటారు. పాలసీలో యజమాని-చోదకుడి వ్యక్తిగత ప్రమాద కవరు ఉంటే రూ.15 లక్షలు వస్తాయి. శాశ్వత పూర్తి వైకల్యానికీ అంతే. 2019 జనవరి నుంచి ఈ కవరును విడిగానూ ఇస్తున్నారు. రెండు బండ్లున్నా ఒక్కటి చాలు. షరతులు రెండు: చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి, నడిపినది పాలసీలో పేరున్న యజమానే అయి ఉండాలి. తండ్రి పేరున ఉన్న బండిని కొడుకు నడుపుతూ పడితే ఈ సొమ్ము రాదు. పల్లెల్లో బండ్లు తండ్రుల పేరనే ఉంటాయి, నడిపేది కొడుకులు. బండి పేరు మార్పించుకోవడానికి అయ్యే కొద్దిపాటి ఖర్చు చూసి వెనుకాడేవారు ఈ సంగతి గమనించాలి.

వెనుక కూర్చున్నవారి విషయం మరింత సున్నితమైనది. ప్యాకేజీ పాలసీ ఉన్న ద్విచక్ర వాహనం వెనుక కూర్చుని పడినవారు ఆ బండి బీమా కంపెనీపైనే మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌లో దావా వేయవచ్చు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వెనుక కూర్చున్నవారికి కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. రెండు పాలసీల మధ్య తేడా ఏడాదికి పెద్ద మొత్తం కాదు. దావా దాఖలుకు 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు. ఆ గడువు చెల్లుబాటుపై సుప్రీంకోర్టులో సవాళ్లు ఉన్నప్పటికీ ఆలస్యం చేయకపోవడమే క్షేమం. ఇందుకు ప్రథమ సమాచార నివేదిక ఆధారం. అందులో ‘రోడ్డుపై గుంతలో పడి’ అన్న మాట రాయించడం కుటుంబ సభ్యులు మరువరాదు.

చికిత్స విషయానికి వస్తే, 2025 మే 5 నుంచి కేంద్రం అమలులోకి తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన ఏడు రోజుల వరకు రూ.1.5 లక్షల దాకా వైద్యం అందాలి. ఏ రోడ్డయినా వర్తిస్తుంది.

ఎవరిని అడగాలి?

ఫిర్యాదు తప్పుదారి పట్టడానికి మొదటి కారణం రోడ్డు ఎవరిదో తెలియకపోవడం. పట్టణంలోని వీధులు పురపాలక సంఘానివి. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం వాటిని సంఘం బాధ్యతలో ఉంచింది. పట్టణం మధ్య నుంచి సాగే ప్రధాన రోడ్డు మాత్రం రోడ్లు, భవనాల శాఖది కావచ్చు. పల్లెకు వెళ్లే రోడ్డు పంచాయతీరాజ్ ఇంజినీరింగు విభాగానిదో, కాలువ గట్టైతే జలవనరుల శాఖదో కావచ్చు. జొన్నాడ, రావులపాలెం మీదుగా సాగే 216ఏ రహదారి జాతీయ రహదారి. దానిపై ఫిర్యాదుకు 1033 నంబరుంది. మిగిలినవాటికి సోమవారం కలెక్టరేట్‌లో, మండల కేంద్రాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోవాలి. అర్జీలో ‘మా రోడ్డు బాగాలేదు’ అని రాస్తే ఏ శాఖకైనా పంపి చేతులు దులుపుకోవడం తేలిక. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ గుర్తు వద్ద, ఎంత లోతు అని రాసి ఫొటో జతచేస్తే ఆ వీలు తగ్గుతుంది. రేపు ఆ గుంతలో ఎవరైనా పడితే, అధికారులకు ముందే తెలుసనడానికి ఆ రసీదే సాక్ష్యం.

2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఏ సెక్షను ప్రకారం, రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించనందువల్ల మరణమో వైకల్యమో సంభవిస్తే బాధ్యత గల అధికారి, కాంట్రాక్టరు, సలహాదారు లక్ష రూపాయల వరకు జరిమానా చెల్లించాలి. చదవడానికి గట్టిగానే ఉంది. కానీ ఆ జరిమానా బాధితుడికి కాకుండా ప్రమాద నిధికి వెళుతుంది. పరిహారం కోరేవారు సివిలు కోర్టులోనో, హైకోర్టులో రిట్ ద్వారానో పోరాడాలి. ప్రభుత్వంపై సివిలు దావాకు ముందు రెండు నెలల నోటీసు తప్పనిసరి.

ఇతర రాష్ట్రాల్లో న్యాయస్థానాలు కొంత ముందుకు వెళ్లాయి. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు గుంతల వల్ల చనిపోయినవారి కుటుంబాలకు రూ.6 లక్షలు, గాయపడినవారికి తీవ్రతను బట్టి రూ.50 వేల నుంచి రూ.2.5 లక్షల వరకు స్థానిక సంస్థలు చెల్లించాలని, ఆ మొత్తాన్ని బాధ్యులైన అధికారుల నుంచి, కాంట్రాక్టర్ల నుంచి రాబట్టాలని ఆదేశించింది. అదే ఏడాది ఆగస్టులో కేరళ హైకోర్టు త్రిశ్శూరు జిల్లా పాలియెక్కర వద్ద రోడ్డు బాగాలేనందున టోలు వసూలును నిలిపివేసింది. సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. ఇవి మన రాష్ట్రంలో నేరుగా అమలయ్యే ఆదేశాలు కావు. ఇక్కడి హైకోర్టులో వాదనకు ఆసరాగా మాత్రం నిలుస్తాయి.

కోర్టుల దాకా వెళ్లలేనివారికి మరో మార్గముంది. ప్రమాదకరమైన గొయ్యి ప్రజలకు ఉపద్రవమే గనుక, దాన్ని తొలగించాలని ఆదేశించమని భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 152వ సెక్షను కింద సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, అంటే ఆర్డీవోకు, అర్జీ పెట్టవచ్చు. పూర్వపు నేర విచారణ స్మృతిలో ఇది 133వ సెక్షను. 1980లో రత్లాం పురపాలక సంఘం కేసులో ఇదే సెక్షను కింద ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. నిధులు లేవన్నది సాకు కాజాలదని జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ఆ తీర్పులో స్పష్టం చేశారు. ఆ కేసు మురుగు కాలువల గురించి. రోడ్ల విషయంలోనూ ఆ తర్కం నిలుస్తుంది.

చివరగా, వేసిన ఏడాదికే గుంతలు పడిన రోడ్డుకు ప్రభుత్వం మళ్లీ డబ్బు పెట్టనక్కరలేదు. ప్రతి ఒప్పందంలో లోపాలకు కాంట్రాక్టరే బాధ్యుడయ్యే కాలం రాసి ఉంటుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్లకైతే ఆ బాధ్యత ఐదేళ్లు, రోడ్డు మొదట్లో ఉండే బోర్డుపైనే ఆ వివరం కనిపిస్తుంది. మిగతావాటికి సమాచార హక్కు చట్టం కింద నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఈ రోడ్డు ఎప్పుడు వేశారు, ఎంత ఖర్చయింది, కాంట్రాక్టరు ఎవరు, లోపాల బాధ్యత ఎప్పటితో ముగుస్తుంది? గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపై కార్యాలయాల్లో రూ.10. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. బాధ్యత గడువు ముగియడానికి ఇంకా వ్యవధి ఉందని తేలితే, ఆ జవాబు నకలు జతచేసి సంబంధిత ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. గడువు దాటాక పంపితే ఆ రోడ్డు ఖర్చు మళ్లీ ప్రజల ఖాతాలోకే వస్తుంది.